దిక్కులేని చుక్కలు

ఒక వస్తువును నిర్మించినవానికి దానియెడల గల బాధ్యత ఎప్పటితో తీఱును? అది పనిచేయుట మానిననాటితోనా, లేక సమూలముగా నశించిననాటితోనా? సామాన్యగృహస్థునకు ఈ ప్రశ్నతో పనియుండదు. పగిలిన కుండను దిబ్బపై వేయును. చినిగిన చాపను పెరటిలో పాఱవేయును. నాలుగు వానలు కురిసినచో అవి మంటిలో మన్నై పోవును. కాని మంటిలో కలియని వస్తువులను, పని తీఱిన పిదపగూడ నిలిచియుండి పరులకు కీడు చేయగల వస్తువులను మనుష్యుడు చేయ నేర్చినాడు. అప్పటినుండి ఈ ప్రశ్న పండితసభలు విడిచి మన వాకిటికి వచ్చినది. మేము దీనిని గూర్చి ఆలోచింప మొదలిడినది ధర్మశాస్త్రములు చదివి కాదు. అనంతపురపు మెట్టసీమలో రాత్రివేళల బైనాక్యులర్ చేతబట్టి, మిణుకుచు పోవు కృత్రిమోపగ్రహముల తళుకులను లెక్కించుటవలన.

ఉపగ్రహము తనంత తాను వెలుగునది కాదు. ప్రొద్దుగ్రుంకి నేలపై చీకటి పడినను, ఏడెనిమిదివందల కిలోమీటర్ల యెత్తున ఎండ ఇంకను కాయుచునే యుండును. ఆ యెండ లోహపు రేకులపై బడి మన కంటికి ప్రతిఫలించును. అందుచేత సాయంసంధ్య తరువాత రెండు గంటలును, తెల్లవాఱుటకు ముందు రెండు గంటలును వీనిని చూచుటకు తగిన కాలము. నడిరేయి అవి తఱచుగా భూచ్ఛాయలో మునిగియుండును. పనిచేయుచున్న ఉపగ్రహము తన ముఖమును ఎటు త్రిప్పవలెనో ఎఱుగును. లోపల తిరుగు చక్రములచేతను, విద్యుదయస్కాంతములచేతను, చిన్న వాయుధారలచేతను అది తన కెమెరాను భూమివైపును, తన పలకలను సూర్యునివైపును నిలుపుకొనును. కావున నిలుకడగల వెలుగుతో, తొందరలేని బాటసారివలె ఆకాశమున సాగిపోవును. విద్యుత్తు నశించి, నేలనుండి వచ్చు ఆజ్ఞలను వినుట మానెనా, ఇక దానిని నిలువబట్టువాడు లేడు. మెల్లగా పల్టీలు కొట్టుటకు మొదలిడును. అద్దమువంటి పలక యొకటి సూర్యునికిని మనకును సరియైన కోణమున వచ్చిన ప్రతిసారియు తళుక్కున మెఱయును, మరల మసకబాఱును. ఇంధన మయిపోయిన రాకెట్టు గొట్టములు గూడ నిట్లే దొర్లుచు మెఱయుచుండును. అనగా, ఆకాశమున మన చూపును ముందుగా లాగుకొను తళుకు అనేకపర్యాయములు సంరక్షకుడు లేని వస్తువుయొక్క తళుకే. పని చేసినన్నాళ్ళు ఎవరి కంటను బడనిది పని మానిన పిదప శోభించుచున్నది.

అనంతపురసీమ ఈ చూపునకు అనుకూలమైన తావు. పశ్చిమకనుమల చాటున బడుటచే నైరృతిఋతుపవనము ఇచ్చటికి చేరునప్పటికి చెమ్మ కోల్పోవును; ఈశాన్యఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ మాత్రమును వేళకు రాదు. మాఘఫాల్గుణములలో ఎన్నో రాత్రులు మబ్బుతునక యైనను లేక గడచును; పల్లె దాటి కొంతదూరము పొలములలోనికి పోయినచో దీపపు వెలుతురును తగ్గును. వేరుశనగపైరును మాడ్చు ఆ నిర్మలాకాశమే చుక్కలు చూచువానికి భాగ్యమగుచున్నది. ఒకని కఱవు మఱియొకని వినోదమగుట సుఖముగా మ్రింగదగిన మాట కాదు. ఐనను నిజము.

కావలసిన సామగ్రి స్వల్పము. ఏడింతలు పెద్దదిగా చూపునదియు, ముందరి కటకము 50 మిల్లీమీటర్ల వెడల్పు గలదియునగు బైనాక్యులర్ చాలును. నులకమంచముపై వెల్లకిల పరుండి మోచేతులను ఱొమ్మున కాన్చినచో చేయి వణకదు. ఏ ఉపగ్రహము ఏ దిక్కున ఏ నిమిషమున పోవునో ముందుగా గణించిన పట్టికలు ఇప్పుడు సులభముగా దొరకుచున్నవి. వట్టికంటికి తళుకులు మాత్రమే తోచును. చుక్క శూన్యమునుండి పుట్టి శూన్యమున లయించినట్లుండును. బైనాక్యులర్‌తో చూచినచో తళుకునకును తళుకునకును నడుమ నలుసువలె ప్రాకుచున్న ఆ వస్తువే కనబడును. తళుక్కుమన్న క్షణమున స్టాప్‌వాచి నొక్కి, ఆ తళుకును సున్నగా నెంచి, పదియవ తళుకున ఆపి, వచ్చిన కాలమును పదింట భాగింపవలెను. మొదటిదానిని ఒకటిగా నెంచువారి లెక్క ఎల్లప్పుడును తప్పును. పెద్ద తళుకు నొకటి, చిన్న తళుకు నొకటి మాఱిమాఱి వచ్చుచుండినచో, గొట్టముయొక్క రెండు ప్రక్కలును మెఱయుచున్నవని ఊహింపవచ్చును. అప్పుడు రెండు తళుకులు కలిసి యొక పూర్తిభ్రమణము. వస్తువు తలమీదుగా పోవుచుండగా మన చూపుకోణము మాఱుచుండుటచే, కనబడు కాలమునకును నిజమైన భ్రమణకాలమునకును స్వల్పభేద ముండును. మా యింటి ఆడపిల్లలు ఈ భేదమును మాకంటె త్వరగా గ్రహించిరి. గణితము ఆడువారి బుద్ధికి ఎక్కదని ఇంకను పలుకు పెద్దమనుష్యులు ఒక రాత్రి మా మంచమునొద్దకు వచ్చిన బాగుండును.

ఎన్వీశాట్ అను ఐరోపావారి ఉపగ్రహమును ఉదాహరణముగా గైకొందము. అది 2002 మార్చి 1వ తేదీన పైకి పోయినది. బరువు సుమారు ఎనిమిది టన్నులు. సముద్రములను, మంచును, వాయుమండలమును పదిసంవత్సరములు పరీక్షించి, 2012 ఏప్రిల్ 8వ తేదీన ఉన్నట్టుండి మూగవోయినది. నేలనుండి లేజరుకిరణములను దానిపైకి పంపి కొలిచినవారు, 2013లో అది సుమారు 135 సెకండ్లకు ఒకసారి తిరుగుచున్నదనియు, ఆ వేగము క్రమముగా తగ్గుచున్నదనియు కనుగొనిరి. భూమి యయస్కాంతక్షేత్రమున లోహము తిరుగునప్పుడు దానిలో విద్యుత్సుడులు పుట్టి ఆ తిరుగుటనే నిరోధించును, తగ్గుదలకు కారణమిది. ఇందుకు విరుద్ధముగా, 2006లో పని ముగిసిన టోపెక్స్ పొసైడన్ అను ఉపగ్రహము సూర్యకాంతి తాకిడిచేతనే భ్రమణవేగమును పెంచుకొన్నది. చచ్చిన వస్తువునకు గూడ ఒక నడవడి యున్నదన్నమాట. చూచువా డున్నచో అది తెలియును. మెఱయునవన్నియు దిక్కులేనివే యని మాత్రము తలపరాదు. జపానువారు 1986 ఆగస్టులో పంపిన అజిసాయి యను గోళమునకు 318 అద్దములను కావలెననియే తాపిరి. నేలపై దూరములను కొలుచువారికి గుర్తుగా నుండుటకై అది తిరుగుచు మెఱయుచున్నది. దానిలో చెడిపోవుటకు యంత్రమే లేదు.

ఒక రాత్రి మేమిట్లు లెక్కించుచుండగా పొరుగింటి అవ్వ వచ్చి, బైనాక్యులర్ అడిగి పుచ్చుకొని చాలసేపు చూచినది. "ఎవురో దీపం ఆర్పి ఆర్పి ముట్టిస్తాండారే!" అన్నది. అది దీపము కాదనియు, మనుష్యులే పంపిన యంత్రమనియు, పాడైపోయి దొర్లుచున్నదనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "అట్లయితే ఇప్పుడు దాన్ని సూసుకునేవాళ్ళు ఎవురూ ల్యారా, నాయనా?" అని యడిగినది. లేరంటిమి. "సూసుకోలేనోళ్ళు అంత పైకి ఎందుకు ఎక్కిచ్చినారు?" అని బైనాక్యులర్ మా చేతికిచ్చి పోయినది.

సంస్కారప్రియులమగు మనము ఇటువంటి సందర్భమున మఱియొక సంభాషణమున కలవాటుపడియున్నాము. చుక్క రాలినచో ఎవరో పెద్దవారు గతించిరనుటయు, తోకచుక్క కనబడినచో దేశమున కరిష్టమనుటయు విని, అది యుల్క, ఇది మంచుముద్ద యని బోధించి, భయము తీర్చితిమని తృప్తిపడుదుము. ఆ పని మంచిదే. ఇంకను జరుగవలసియే యున్నది. కాని ఈ అవ్వకు భయము లేదు. శాంతి చేయింపవలెనా యని ఆమె అడుగలేదు. పూచీ ఎవరిదని అడిగినది. శకునములను ఖండించుటకు మనయొద్ద నున్న వాదములలో నొక్కటియు ఆ ప్రశ్నకు పనికిరాదు.

ఆమెకు ఆ ప్రశ్న తోచుటకు కారణము లేకపోలేదు. ఈ సీమలోని పల్లెలు చెఱువులచే బ్రదికినవి. అనంతపురమునకు ఆ పేరు వచ్చినదే ఒక చెఱువువలన. 14వ శతాబ్దమున బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయరు దానిని కట్టించెనని ప్రతీతి. కట్టకు ఈవలి కొనను అనంతపురము, ఆవలి కొనను బుక్కరాయసముద్రము. పొరుగుననున్న కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెఱువునొద్ద 1369 నాటి శాసన మున్నది. దినమునకు వేయిమంది చొప్పున రెండేండ్లు పనిచేసిరని అందున్నది. మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆఱు దోషములును అందు చెప్పబడినవి. కట్టించినవారి పేళ్ళు ఱాతిపై నిలిచినవి. అందు వింత లేదు. మాకు వింతగొలుపునది దసబంధ మను ఏర్పాటు. చెఱువు కట్టిన వానికిగాని, పాడైనదానిని బాగుచేసిన వానికిగాని ఆ చెఱువు క్రింది ఆదాయమున ఒక పాలు, పేరునుబట్టి పదియవపాలు, ఇనాముగా నిచ్చెడివారు. ఊరక ఇచ్చుట కాదు. కట్టను, తూమును, మరవను ఏటేట బాగుచేయుచుండవలెనను నియమముతో ఇచ్చుట. కట్టువాని గౌరవమును కాచువాని చాకిరిని ఒక్క పత్రమున ముడివేసిన ఆ పూర్వుల తెలివికి మేము నమస్కరించుచున్నాము. అన్నిచోట్లను అది సక్రమముగా జరిగెనని మా యభిప్రాయము కాదు. ఇనామును అనుభవించి కట్టపై గంపెడు మన్నైనను వేయనివారు అప్పుడును ఉండియుందురు. అయినను, కట్టుటతోనే కాచుట కూడ పుట్టునను భావము ఒకటి లోకములో నుండినది.

కాపుదల తప్పినచో దాని వెల ఎవరు చెల్లింతురో కూడ ఈ సీమయే చెప్పుచున్నది. బుక్కరాయసముద్రము కట్టపై ముసలమ్మ కథను ఎఱుగనివారు ఇచ్చట లేరు. పెనువానకు చెఱువు నిండి కట్ట తెగబోగా, ఆ యూరి కోడలు ముసలమ్మ ఆహుతియైన గాని నిలువదని గ్రామదేవత పలుకు వినబడెననియు, ఆమె అత్తమామలకు మ్రొక్కి గండిలోనికి నడచి పోయెననియు చెప్పుదురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు పందొమ్మిదవ శతాబ్ది తుదిని దీనినే "ముసలమ్మ మరణము" అను కావ్యముగా రచించిరి. కథ చెప్పువారు ఆమె త్యాగమును కొనియాడుదురు. వినువారు కన్నీరు పెట్టుదురు. అంతకు ముందటి వేసవిలో కట్టపై మన్ను పోసినది ఎవరు, పోయనిది ఎవరు అని మాత్రము ఎవ్వరును అడుగరు. చెఱువు త్రవ్వినది ఆమె కాదు, పాడుచేసినది ఆమె కాదు. గండి పూడ్చుటకు మాత్రము ఆమె కావలసివచ్చినది. ఇట్టి కథలను మన పిల్లలకు చెప్పునప్పుడు ఆ యడుగని ప్రశ్నను కూడ అడుగుట నేర్పవలెనని మా మనవి.

ఇది పాతకథ యనరాదు. చెఱువులు పూడికపడిన పిదప ఈ సీమ రైతు భూమిని తొలిచి నీరు వెదకినాడు. వందల అడుగులు, ఒక్కొక్కచోట వేయి అడుగులవఱకు బోరు వేయుదురు. నీరు పడనిచో అప్పు మిగులును, రంధ్రము మిగులును. ఇనుపగొట్టము విలువగలది కావున దానిని పెరికి తీసికొందురు. రంధ్రము విలువలేనిది కావున దానిని విడిచిపెట్టుదురు. ఆడుకొనుచు పోయిన పసిబిడ్డలు ఇట్టి బోర్లలో బడి ప్రాణములు కోల్పోయిన వార్తలు తెలుగుదేశమునందును ఇతరరాష్ట్రములందును ఎన్నిమార్లు విన్నాము! 2010లో సుప్రీంకోర్టు, పనికిరాని బోరును అడుగునుండి నేలమట్టమువఱకు మంటితోను కంకరతోను పూడ్చవలెనని ఆజ్ఞాపించినది. పూడ్చుటకు కావలసినది కొన్ని బండ్ల మన్ను. దానికి ధనము లేకపోలేదు. పని తీఱినదానితో మనకింకను పనియున్నదను బుద్ధి లేదు. అప్పులలో మునిగిన రైతును మాత్రమే నిందించుటకు మాకు నోరాడదు. బోరు వేయుటకు బండి తెచ్చినవాడును, అప్పిచ్చినవాడును, చూచుచు పోయిన ఊరివారును ఆ రంధ్రమునకు పాలివారే.

ఇక అవ్వ చూచిన చుక్కయొద్దకు పోదము. భూమి చుట్టును తిరుగుచు, నేలనుండి జాడ తీయబడుచున్న వస్తువులు ఇప్పుడు ముప్పదివేలకు పైబడినవి. వానిలో చచ్చినవియు, విఱిగినవియు అనేకములు. 2009 ఫిబ్రవరి 10వ తేదీన సైబీరియాపై సుమారు 790 కిలోమీటర్ల యెత్తున, పనిచేయుచున్న ఇరిడియం 33 అను ఉపగ్రహమును కాస్మోస్ 2251 అను రష్యా ఉపగ్రహము ఢీకొన్నది. రెండవది 1993లో పోయి, 1995లోనే పని మానినది. పదునాలుగేండ్లు దిక్కులేక తిరిగి, తుదకు బ్రదికియున్న దానిని చంపినది. రెండును కలిసి రెండువేలకు మించిన తునుకలైనవి. ఇది పరదేశీయుల పాపమని మనము చేతులు దులుపుకొన వీలులేదు. 2001 అక్టోబరు 22వ తేదీన మన తెలుగుతీరమందలి శ్రీహరికోటనుండి పోయిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టుయొక్క నాల్గవ అంతస్తు, ఉపగ్రహములను చక్కగా దింపి, తన పని ముగించి, ఆ డిసెంబరు 19వ తేదీన పేలిపోయి మూడువందలకు పైగా తునుకలైనది. మిగిలిన ఇంధనమును వెలికి వదలివేయుట ఆ తరువాతి ప్రయోగములలో అలవాటు చేసిరి. 2022 ఏప్రిల్ 2వ తేదీన, మనము ఉగాదిపచ్చడి తిన్ననాటి రాత్రి, మహారాష్ట్రమున చంద్రపురము జిల్లా లాడబోరి గ్రామమున ఆకాశమునుండి పెద్ద లోహవలయ మొకటి పడినది. అది చైనావారి రాకెట్టు భాగమని నిపుణులు తలచిరి. ఎవ్వరికిని దెబ్బ తగులకుండుట ఆ పల్లెవారి అదృష్టము. పంపినవారి జాగ్రత్త కాదు.

చట్టము లేదా యని అడుగవచ్చును. ఉన్నది. 1967 నాటి అంతర్జాతీయసంధిని బట్టి, పైకి పంపిన వస్తువుపై స్వామ్యము అది ఎక్కడ నున్నను, ఏ స్థితిలో నున్నను పంపినవారిదే. కావున మఱియొకడు దానిని తొలగింపదలచినను అనుమతి కావలెను. 1972 నాటి ఒడంబడికనుబట్టి, నేలపై నష్టము కలిగినచో తప్పెవరిదను విచారణ లేకయే పరిహార మియ్యవలెను. ఆకాశములోనే నష్టము కలిగినచో తప్పు నిరూపింపబడవలెను. స్వామ్యము శాశ్వతము, సంరక్షణ మాత్రము ఐచ్ఛికము! దసబంధపుపత్రమును వ్రాసిన కరణము దీనిని చదివినచో నవ్వియుండును.

పేదదేశము ఈ ఖర్చు భరింపగలదా యను ఆక్షేపణ మొకటి యున్నది. అది త్రోసివేయదగినది కాదు. క్రిందికి దింపుటకు కొంత ఇంధనమును తుదివఱకు దాచియుంచవలెను. దాచిన ఇంధనము పనికాలమును తగ్గించును. అయినను మనవారే దీనికి సమాధానము చేతలతో చెప్పుచున్నారు. 2011లో ఫ్రాన్సువారితో కలిసి పంపిన మేఘట్రోపిక్స్ అను ఉపగ్రహమును, అది వానల పరీక్ష ముగించిన పిదప, మిగిలియున్న ఇంధనముతోనే మెట్లుమెట్లుగా దించి 2023 మార్చి 7వ తేదీన పసిఫిక్ మహాసముద్రముపై దహింపజేసిరి. విడిచిపెట్టినచో నూఱేండ్లకు మించి తిరుగుచుండెడిది. 2024 జనవరి 1వ తేదీన శ్రీహరికోటనుండి పోయిన రాకెట్టుయొక్క నాల్గవ అంతస్తును 650 కిలోమీటర్లనుండి 350 కిలోమీటర్లకు దించి, దానిపైననే చిన్న ప్రయోగములు కొన్ని జరిపిరి. మార్చి 21వ తేదీకి అది కాలిపోయినది. 2030 నాటికి మన ప్రయోగములవలన కక్ష్యలో చెత్త మిగులకుండ చేయుదుమని ఇస్రో 2024లో ప్రకటించినది. ప్రయోగదినమున జెండాలతో జయజయధ్వానములు చేసిన మనము ఈ దించుటలను ఎఱుగనైన ఎఱుగము. వార్తాపత్రికలలో పైకి పోవుట మొదటిపుట, క్రిందికి వచ్చుట ఎనిమిదవ పుట. మా మట్టుకు మాకు రెండవదే గొప్పపనిగా తోచుచున్నది.

పెరటిలో పరుండి తళుకులు లెక్కించుటవలన ఏమి ప్రయోజనమని మమ్మడిగిన మిత్రులు కలరు. దొర్లుచున్న వస్తువును పట్టి దింపదలచినవారికి మొట్టమొదట తెలియవలసినది అది ఎంత వేగముగా, ఏ తీరున దొర్లుచున్నదియే. తెలియక దరిచేరినచో పట్టబోయినదియు విఱుగును. బెల్జియము మొదలగు దేశములందలి ఔత్సాహికులు వట్టి బైనాక్యులర్లతోను గడియారములతోను అనేకసంవత్సరములు కూర్చిన భ్రమణకాలముల పట్టికలు శాస్త్రజ్ఞులకు పనికివచ్చినవి. మా లెక్కలు వానిలో నొక గింజ. మఱియు చెఱువునకు నీరుగంటివా డుండెడివాడు. రాత్రి లాంతరు పట్టుకొని కట్టపొడుగున నడచి, ఎచ్చట చెమ్మ ఊరుచున్నదో, ఎచ్చట ఎలుక బొఱియ చేసినదో చూచి వచ్చెడివాడు. అతడు గండి పూడ్చలేడు, ఊరిని లేపగలడు.

ఎన్వీశాట్ ఇంకను నూటయేబది సంవత్సరములవఱకు తిరుగుచుండవచ్చునని అంచనా. మా యింట ఒక నోటుపుస్తకమున తేదీ, తళుకుల సంఖ్య, పట్టిన కాలము అని మూడు గళ్ళు గీసితిమి. పెద్దపిల్ల నాల్గవ గడి యొకటి చేర్చి, దానిపై "చూచినవారు" అని వ్రాసినది.